నల్లగీత మనిషి

తమ్ముడు పోట్లాడి గెలవడం అక్క తన జన్మలో ఒక్కసారే చూసింది. అదీ పందెంలో ఓడిపోవడం కోసం.

ఊరి చివర సిమెంటు ట్రాక్ ఉంది. పళ్ళెం అంచులా చుట్టూ వాలుగా లేచి ఉంటుంది, మధ్యలో గడ్డి. ఆ ఆదివారం జరిగింది కనికరం లేని పందెం. రెండు చుట్లకోసారి గంట కొడతారు. అప్పుడు గీత దాటేటప్పుడు ఎవరి వెనక చక్రం అందరికంటే వెనకుంటే వాణ్ణి పేరు పెట్టి, కాదు, నంబరు పెట్టి బయటికి పంపేస్తారు. ఇరవైమందితో మొదలైతే చివరికి ఇద్దరు మిగులుతారు. ఆ రోజు అప్పటికి ఇంకా ఆరుగురు మిగిలి ఉన్నారు. వాళ్ళలో తమ్ముడొకడు, నంబరు పదిహేడు. గంట మోగింది, గీత దాటారు, జడ్జీ మైకులో అరిచాడు: "పద్నాలుగు, బయటికి!"

పద్నాలుగు నంబరువాడు పొడుగాటి మనిషి. మారు మాట్లాడకుండా తల వంచుకుని పై గోడవైపు తప్పుకున్నాడు. తమ్ముడు మాత్రం పందెం వదిలేసి, సైకిల్ని గడ్డిలోకి దింపి, జడ్జీల బల్ల ముందు నిలబడ్డాడు.

"జడ్జీగారూ, పద్నాలుగు కాదు, పోవాల్సింది నేను."

"నేను చూశానయ్యా. ఎక్కు, ఎక్కు! చుట్టు పోతోంది."

"మీరు ముందు చక్రాలు చూశారు. నా వెనక చక్రం జానెడు వెనకుంది. నా చక్రం ఎక్కడుందో నాకు తెలీదా?"

"ఒకసారి చెప్పానంటే చెప్పినట్టే."

"అయితే నేను ఇక్కడే నిలబడతాను. మీ పందెం ఎలా నడుస్తుందో నేనూ చూస్తాను."

మెట్లమీద జనం పడీపడీ నవ్వారు. ఒక చుట్టంతా వాదించాడు. జడ్జీ మొహం కందగడ్డ అయింది. చివరికి చేసేదేమీ లేక మైకులో పదిహేడు బయటికని, పద్నాలుగు లోపలికని చెప్పాడు. ఆ పద్నాలుగు నంబరువాడే మిగతా అందర్నీ కొట్టి కప్పు పట్టుకుపోయాడు.

"గెలిచావురా నాయనా," అంది అక్క ఇంటికి నడుస్తూ. "నిన్ను నువ్వు తన్నుకుని మరీ గెలిచావు. ఆ కప్పు మనింట్లో ఉంటే నీళ్ళు తాగేందుకన్నా పనికొచ్చేది."

తమ్ముడు నవ్వాడు. "వాడి చక్రం ముందుంది కదక్కా," అన్నాడు, అంతకంటే చెప్పాల్సిందేమీ లేనట్టు.

అక్క అతని కంటే పంతొమ్మిదేళ్ళు పెద్ద. తల్లి పోయినప్పుడు వాడు పాలు తాగే పిల్లాడు. ఎత్తుకుని తిరిగింది, తిట్టింది, కొట్టింది, పెంచింది. తను రెండో తరగతితో బడికి దణ్ణం పెట్టింది కాబట్టి వాణ్ణి పది దాకా చదివించింది. ఆ మాట ఎవరు అడిగినా అడక్కపోయినా చెబుతుంది. ఇద్దరూ ఒకే లాండ్రీలో పని. ముందు గదిలో కౌంటరు, దాని పక్కన కిటికీ కింద అక్క కుట్టుమిషను. ఊడిన గుండీలు, చిరిగిన జేబులు, ఊడిపోయిన జిప్పులు ఆమె వంతు. వెనక గదిలో బాయిలరు, పొడవాటి ఇస్త్రీబల్ల. ఆవిరిలో తమ్ముడు. మధ్య గోడకు తలుపు లేదు. అందుకని ఆమె మాటలు, అతని ఆవిరి రోజంతా అటూ ఇటూ తిరుగుతూ ఉండేవి.

సైకిల్ పిచ్చి ఎక్కడినుంచి అంటుకుందో తెలీదు. ఇరవై రెండో ఏట మొదటి రోడ్డు పందెంలో దిగాడు. నూట ఇరవై కిలోమీటర్లు. రోడ్డు పందెమంటే అందరూ గుంపుగా, ఒకడి చాటున ఒకడు, గాలి తప్పించుకుంటూ పోవాలి. ముందున్నవాడు గాలి కోస్తాడు, వెనకున్నవాడు సుఖపడతాడు. ఆ తెలివి లేక తమ్ముడు మొదటి గంటంతా అందరికీ ముందు తనే గాలి కోశాడు. తర్వాత అందరూ అతన్ని దాటిపోయారు. ఆపైన వడగళ్ళు పడ్డాయి. చివరికి చేరేసరికి ముగింపు గుడ్డ విప్పి మడత పెడుతున్నారు.

"అన్నా, నా టైము రాయవా?" అని అడిగాడట మడత పెట్టేవాణ్ణి.

"ఏ టైము రాయను బాబూ? జడ్జీలు భోంచేసి పడుకుని కూడా ఉంటారు."

"గడియారం నీ చేతికుందిగా."

ఆ మనిషి జాలిపడి ఒక సిగరెట్టు డబ్బా అట్ట మీద రాసిచ్చాడు. తమ్ముడు దాన్ని తడవకుండా నోట్లో పళ్ళ మధ్య పట్టుకుని ఇంటికి తొక్కుకుంటూ వచ్చాడు. అక్క చూసి, "కుక్కకి బిస్కెట్టు దొరికినట్టుంది," అంది. కానీ మర్నాడు కాళ్ళు పట్టి, వేణ్ణీళ్ళు పోసింది ఆవిడే.

పందేలకు వాడే టైర్లు మామూలువి కావు. ట్యూబుని లోపల పెట్టి, చుట్టూ గుడ్డ పొరని కుట్టేసి, ఆ మొత్తాన్ని జిగురుతో చక్రానికి అంటిస్తారు. పంచరైతే పైపట్టీ ఊడదీయాలి, కుట్లు కోయాలి, రంధ్రం మూయాలి, మళ్ళీ పాత బెజ్జాల్లోనే కుట్టాలి. ఆ పని ఊళ్ళో సైకిల్ షాపువాళ్ళకి కూడా రాదు. అక్క నేర్చుకుంది. మైనం పట్టించిన దారం, వంకర సూది, బొటనవేలికి తోలు తొడుగు. ఇరవై ఐదేళ్ళు తమ్ముడు ఆమె కుట్ల మీద తిరిగాడు. ఒక్కసారి కూడా కుట్టు విడలేదు. తోటి పందెగాళ్ళు కూడా టైర్లు పట్టుకుని వరస కట్టేవాళ్ళు. "నేను మనుషుల బట్టలు కుడతాను, చక్రాల బట్టలూ కుడతాను. తేడా ఏంటంటే చక్రాలు బిగుతయిందని సణగవు," అనేది.

రోడ్డు మీదా ట్రాక్ మీదా తమ్ముడికి ఎన్నడూ మొదటి స్థానం రాలేదు. మూడు, నాలుగు, ఒకసారి రెండు. పెళ్ళి కూడా చేసుకోలేదు. సంబంధం తెచ్చినవాళ్ళతో అక్కే అనేది, "వాడికి రెండు చక్రాలున్నాయి, ఇంకో రెండు కాళ్ళెందుకు" అని.

నలభై ఏడో ఏట ఉన్నట్టుండి రోడ్డు పందేలు మానేశాడు. వయసు మీదపడిందని, రోడ్లమీద లారీలు ఎక్కువయ్యాయని చెప్పాడు. ట్రాక్ మీద మాత్రం తిరిగేవాడు. అదీ వింతగా, ట్రాక్ అడుగున లోపలి అంచుని ఆనుకుని నల్లగీత ఒకటి ఉంటుంది, దాన్ని వదిలేవాడే కాదు. మిగతావాళ్ళు వాలు మీద పైకెక్కి, జారి, ఎత్తులు వేస్తుంటే ఇతను గీత మీద రైలులా పోయేవాడు. దాంతో 'నల్లగీత' అని పేరు పడిపోయింది. "నల్లగీతగారూ, గీత అరిగిపోతోంది, కాస్త పక్కకి జరగండి" అని ఆటపట్టించేవాళ్ళు. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆ రోజుల్లోనే లాండ్రీలో కూడా ఒక తేడా మొదలైంది. ఒక ఆఫీసు గుమాస్తా చొక్కా తెచ్చి కౌంటరు మీద పరిచాడు.

"ఏమ్మా, ఈ చొక్కాకి ఒక చెయ్యి పెళ్ళికి బయల్దేరినట్టుంది, ఇంకో చెయ్యి ఇప్పుడే నిద్రలేచినట్టుంది. ఏంటి కథ?"

చూస్తే నిజమే. బల్ల మీద ఎడమవైపు పడే చెయ్యికి ఇస్త్రీ తగల్లేదు. తర్వాత వారంలో అలాంటివి నాలుగొచ్చాయి. అక్క వెనక గదిలోకి వెళ్ళి తమ్ముణ్ణి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే అది పెద్ద సంగతే. వయసు మీదపడుతోంది, పరాకు పడుతున్నాడనుకుంది. యజమానికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని, మధ్యాహ్నం తమ్ముడు తిండికి పోయినప్పుడు ఆ ఎడమ చేతులన్నీ తనే ఇస్త్రీ చేసేది. ఎనిమిది నెలలు చేసింది.

ఎనిమిదో నెలలో ట్రాక్ మీద పాయింట్ల పందెం జరిగింది. పది చుట్లకోసారి ఊపుగా తొక్కాలి, ముందొచ్చినవాళ్ళకి పాయింట్లు. చివరి పది చుట్లు మిగిలేసరికి తమ్ముడికి, ఒక పోస్ట్‌మ్యాన్‌కి పాయింట్లు సమానం. ఆ పోస్ట్‌మ్యాన్ ముప్పై ఏళ్ళవాడు, పొద్దంతా ఉత్తరాలు పంచి సాయంత్రం ట్రాక్ చుట్టూ తిరిగే మనిషి. వచ్చే నెల జట్టు ఎంపిక ఉంది. అందులో అతని పేరు ఖాయమని అందరూ అనుకుంటున్నారు.

ఆఖరి మలుపు ముందు తమ్ముడు నల్లగీత వదిలాడు. అక్క మెట్లమీదినుంచి చూసింది. ముందున్నవాణ్ణి చుట్టి దాటడానికి వాలు మీద పైకెక్కాడు, దాటాడు, మళ్ళీ కిందికి వాలాడు. కింద ఖాళీ లేదు. పోస్ట్‌మ్యాన్ అప్పటికే అక్కడున్నాడు. ట్రాక్ సైకిళ్ళకి బ్రేకులుండవు. భుజం భుజం తగిలి ఇద్దరూ పడ్డారు. తమ్ముడి తొడ తోలు ఊడింది. పోస్ట్‌మ్యాన్‌కి ఎడమవైపు మెడ కింద ఎముక రెండు ముక్కలైంది.

అక్క ముందు పరిగెత్తింది తమ్ముడి దగ్గరికి కాదు, సైకిల్ దగ్గరికి. రెండు టైర్లూ వేళ్ళతో తడిమింది. కుట్టు విడలేదు, జిగురు ఊడలేదు. అమ్మయ్య అనుకుంది. ఆ అనుకున్నందుకు తర్వాత చాలా రోజులు తనని తను తిట్టుకుంది.

రేకుల షెడ్డులో జడ్జీలు విచారణ పెట్టారు. గీత మీదున్నవాణ్ణి లోపలినుంచి దాటకూడదన్నది ట్రాక్ చట్టం. పోస్ట్‌మ్యాన్ అలా దూరాడా, లేక తమ్ముడే పైనుంచి దిగి వచ్చి అతని మీద పడ్డాడా అన్నది ప్రశ్న. పెద్ద జడ్జీ అవతలి వైపున్నాడు, సరిగ్గా చూడలేదు.

"దిగేముందు ఎడమవైపు చూశావా?" అని తమ్ముణ్ణి అడిగాడు.

"చూశాను. ఎవరూ లేరు."

అంతే, ఇంకెవర్నీ అడగలేదు. "తన చక్రం వెనకుందని తనే వచ్చి చెప్పిన మనిషయ్యా ఇతను," అన్నాడు జడ్జీ మిగతావాళ్ళతో. "పైగా చూడకుండా గీత మారే రకం కాదు. ఇతని మాటకి ఇంకో సాక్ష్యం దేనికి?" పోస్ట్‌మ్యాన్ లోపలినుంచి దూరాడని రాశారు. సంవత్సరంపాటు పందేల్లో దిగకూడదన్నారు. శనివారం కమిటీ కూర్చుని దానికి ముద్ర వేస్తుంది. ముద్ర పడితే జట్టూ లేదు, ఏమీ లేదు.

ఆ వారమే యజమాని, ఎవరూ తీసుకెళ్ళని బట్టలు ఖాళీ చెయ్యమన్నాడు. చివరి కొక్కేనికి మూడేళ్ళుగా ఒక కోటు వేలాడుతోంది. అక్క అలవాటుగా జేబులు తడిమింది. లోపలి జేబులో మడిచిన కాగితం. పైన కన్ను బొమ్మ, దాని కింద తమ్ముడి పేరు. ఆ పేరు మటుకు ఆవిడ ఎక్కడున్నా గుర్తుపడుతుంది, బళ్ళో వేసేటప్పుడు తనే దగ్గరుండి రాయించింది. తేదీ అంకెలు చదివింది, ఎనిమిది నెలల కిందటిది, అంటే వాడే ఇందులో దాచాడు. మిగతా అక్షరాలు అర్థం కాలేదు. అర్థం కావాల్సిన పని కూడా లేదు. కాగితం మీద రెండు గుండ్రాలున్నాయి, రెండు కళ్ళకి రెండు. రెండిట్లోనూ ఎడమ సగం నల్లగా పులిమి ఉంది.

అక్క వెనక గదిలోకి వెళ్ళి తమ్ముడికి ఎడమపక్కన నిలబడింది. అతను చొక్కా చేస్తున్నాడు. కాగితాన్ని బల్ల మీద ఎడమవైపు పెట్టింది. అతను కాలర్ చేశాడు, వీపు చేశాడు. కాగితం జానెడు దూరంలో ఉంది, చూడలేదు. ఆమె దాన్ని మెల్లగా కుడివైపుకి జరిపింది. ఇస్త్రీపెట్టె ఆగింది.

"ఎన్నాళ్ళయిందిరా?"

"దాని మీద ఉందిగా."

"నన్ను చదవమంటావా? నీ నోటితో చెప్పు."

తమ్ముడు పెట్టెని నిలబెట్టి పక్కన పెట్టాడు. "ఒకరోజు లేచేసరికి ఎడమపక్క లేదక్కా. చీకటి కూడా కాదు. అసలు లేదు. కన్ను బాగానే ఉందట, వెనక ఎక్కడో నరం దెబ్బతిందట. ఇక రాదన్నాడు డాక్టరు. సైకిల్ ముట్టుకోవద్దన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

"అబద్ధాలు అక్కణ్ణించే మొదలయ్యాయన్నమాట."

"ట్రాక్ మీద ఎడమ అక్కర్లేదక్కా." అతని గొంతు చిన్నపిల్లాడిదిలా అయిపోయింది. "అందరం ఒకే వైపు తిరుగుతాం. నల్లగీత మీదుంటే నాకు ఎడమకి ఉండేది గడ్డే. దాటేవాళ్ళంతా కుడినుంచే వస్తారు. అక్కడ నేను అందరిలాంటివాణ్ణే. ఊరంతటిలో అక్కడొక్కచోటే."

"మరి ఆ రోజు గీత ఎందుకు వదిలావు?"

తమ్ముడు వెళ్ళి బాయిలరు మంట తగ్గించి వచ్చాడు.

"గెలుస్తానేమో అనిపించింది," అన్నాడు.

అక్క మనసు ఒక్క క్షణం మెత్తబడింది. ఆ క్షణాన్ని ఆవిడ తనకి తనే క్షమించుకోలేదు. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట. నువ్వు సగం మూసుకుని తాగావు. వెళ్ళి చెప్పు. ఆ పోస్ట్‌మ్యాన్ నెత్తిన పడ్డది నువ్వు, శిక్ష వాడికా?"

"వాడు కుర్రాడు. ఏడాది పోతే మళ్ళీ తొక్కుతాడు. నేను చెప్పానంటే నాది ఇక అయిపోయినట్టే. జన్మలో ఎక్కనివ్వరు."

"ఎక్కనివ్వకూడదు కూడా!"

అతను పెట్టె తీసుకుని చొక్కా చెయ్యడం మొదలుపెట్టాడు. ఈసారి తల పూర్తిగా తిప్పి ఎడమ చెయ్యి కూడా చేశాడు. అంత బాగా ఏ చొక్కా ఎన్నడూ చెయ్యలేదు. రెండు రోజులు ఇద్దరి మధ్యా అన్నం వడ్డించే మాటలు తప్ప వేరే మాట లేదు. అక్క మింగలేక కక్కలేక తిరిగింది. జడ్జీ దగ్గరికి తనే వెళ్దామని రెండుసార్లు చెప్పులు తొడుక్కుంది, రెండుసార్లూ విప్పేసింది. పరాయివాళ్ళ తప్పయితే ఈపాటికి వీధంతా టముకు వేసేది. సొంత చేతులతో పెంచినవాడి తప్పు గొంతులో ముల్లయి కూర్చుంది. పైగా ఆ ఎడమ చేతులు ఎనిమిది నెలలు ఇస్త్రీ చేసి దాచింది ఎవరు? తిలాపాపం తలా పిడికెడు.

గురువారం పొద్దున పోస్ట్‌మ్యాన్ లాండ్రీకి వచ్చాడు. ఎడమ చెయ్యి ఛాతీకి కట్టి ఉంది. చంకలో యూనిఫాం చొక్కా.

"పెద్దమ్మా, దీని ఎడమ చెయ్యి కుట్టు విప్పి గుండీలు పెట్టిపెడతావా? కట్టు మీదుగా తొడుక్కోవాలి. కూర్చోబెట్టి ఉత్తరాలు వేరుచేసే పనిచ్చారు."

అక్క రెండు గుండుసూదులు నోట్లో పెట్టుకుంది. మాట్లాడకుండా ఉండటానికి అంతకంటే మంచి సాకు దొరకలేదు. చొక్కా కొలుస్తుంటే అతనే మళ్ళీ అన్నాడు:

"అన్నగారున్నారా? క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను."

అక్క తలెత్తింది.

"నిజం చెప్పనా పెద్దమ్మా? కిందంతా ఖాళీగానే ఉందనిపించింది నాకు, అందుకే వెళ్ళాను. కానీ ఆయన చూశానన్నారు. ఆయన చూశానన్నారంటే చూసే ఉంటారు. వేగంలో నా బుర్రే తిరిగుంటుంది. మా ఆవిడ ఒప్పుకోదు, నీ తప్పేం లేదంటుంది. భార్యలు అలాగే అంటారు కదా."

లోపల ఆవిరి శబ్దం ఆగిపోయింది. తమ్ముడు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి కౌంటరు వెనక నిలబడ్డాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. పోస్ట్‌మ్యాన్ బాగున్న కుడి చెయ్యి చాచాడు. అది తమ్ముడికి ఎడమవైపు పడింది.

"తప్పయిపోయిందన్నా. మనసులో పెట్టుకోకండి."

తమ్ముడు అతని మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి గాల్లోనే ఉంది. అక్క లోపల్లోపలే లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. పోస్ట్‌మ్యాన్ మొహం మెల్లగా ఎర్రబడింది. చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"పర్లేదులెండి. కోపం తగ్గాకే మాట్లాడుకుందాం," అని చొక్కా వదిలేసి వెళ్ళిపోయాడు.

అక్క నోట్లోంచి సూదులు తీసింది.

"ఎందుకలా వెళ్ళిపోయాడు?" అన్నాడు తమ్ముడు.

"చెయ్యి చాచాడురా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నీ ముందే. క్షమించమని చెయ్యి చాచాడు. నువ్వు పట్టుకోలేదు. నువ్వు కాదన్నావనుకుని తల దించుకుని పోయాడు."

తమ్ముడు తల ఎడమకి తిప్పి ఖాళీ కౌంటరు వంక చూశాడు. తిప్పితే కనిపిస్తుంది, అదే పెద్ద శిక్ష. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అక్క నీళ్ళిచ్చింది, తాగలేదు. అతని వీపు మీద చెయ్యి వేసింది. చొక్కా తడిసి ఉంది, ఆవిరో చెమటో తెలీలేదు.

అతను నీళ్ళ గ్లాసు కౌంటరు మీద పెట్టాడు.

"అక్కా, శనివారం కమిటీకి నాతో రా. లోపలికి కూడా రా, ఎవరు కాదన్నా సరే. బల్ల దగ్గర నా కుడిపక్కన కూర్చో, నాకు కనపడేలా. ఆ కాగితం నీ దగ్గరే ఉంచుకో, నా చేతికివ్వకు. ముందు నన్నే చెప్పనియ్యి. నేను నీళ్ళు నమిలినా, మాట మార్చినా, దాన్ని తీసి వాళ్ళ ముందు పెట్టు. అప్పుడు నేను నీ వంక ఎలా చూసినా, చెయ్యి పట్టుకు లాగినా, నువ్వు మాత్రం ఆగకు."